నల్ల కార్డులకు పసుపు

టెక్కలిలో ఎవరైనా నన్ను “దేనిమీద పరిశోధన?” అని అడిగితే, “చల్లబరిస్తే కరెంటును ఏమాత్రం అడ్డుకోని పదార్థం” అని మొదలుపెట్టి, వాళ్ల ముఖం చూసి “ఏదో ఫిజిక్సులెండి” అని ముగించేవాణ్ణి. ఇంట్లో మా ఆవిడ ఆ మాత్రం కూడా వినేది కాదు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ ఆరేళ్లుగా పీహెచ్‌డీ లాగుతున్నాను. గడువు ఒకసారి పొడిగించారు, ఇక పొడిగించరు. నెల రోజుల్లో ఆ పదార్థం పూసిన ఒక్క బిళ్ళయినా పనిచేస్తున్నట్టు చూపించకపోతే ఆరేళ్లూ గంగలో కలిసినట్టే.

పని చెప్పడానికి తేలికే. ఇట్రియం, బేరియం, రాగి కలిసిన నల్లటి పొడిని నూనెలో కలిపి ఇంకులా చేయాలి. దాన్ని సన్నటి జాలీ తెరలోంచి తెల్లని పింగాణీ బిళ్ళల మీద మందంగా అచ్చు వేయాలి. తర్వాత తొమ్మిది వందల డిగ్రీలు దాటిన కొలిమిలో కాల్చి, ఆక్సిజన్ ఇస్తూ మెల్లగా చల్లార్చాలి. బాగా కుదిరితే సెల్ టవర్లలో అక్కర్లేని సిగ్నళ్లను వడపోయడానికి వాడొచ్చు. నా దగ్గర మిగిలిన పొడి పన్నెండు బిళ్ళలకు సరిపోతుంది. కాలేజీలో కొలిమి ఉంది గానీ తెర చిరిగిపోయింది.

అందుకని పలాస వెళ్లాను. అక్కడ పెళ్లికార్డులు, జీడిపప్పు సంచులు స్క్రీన్ ప్రింటింగ్ చేసే పెద్దాయన ఉన్నాడు. చుట్టరికం ఏమీ లేదు, అలవాటు కొద్దీ ఆయన్ని మావా అంటాను.

“ఏటల్లుడూ, బిళ్ళంతా నల్లగుంటే అచ్చరాలెక్కడేత్తాం?”

“అక్షరాల్లేవు మావా. నలుపొక్కటే.”

ఆయన చేతిలోని, తెర మీద ఇంకు లాగే రబ్బరు పట్టీ కింద పెట్టేశాడు. “దినం కార్డులా? ఆటికి తెర ఏరే ఉంది. పెళ్లికార్డుల తెర మీద నానెయ్యను.”

నాకప్పటికే ఆకలి మీద చిరాకు. పెళ్లికార్డుల తెరే సన్నది, నాకు అదే కావాలి. “శుభకార్యమే మావా. నా పెళ్లికన్నా పెద్దది,” అనేశాను.

దాంతో ఆయన ముఖం విప్పారింది. నా ఇంకును ఎంతో భక్తిగా గరిటెతో తీసుకున్నాడు. ఒక పూత వేసి, ఆరాక ఇంకో పూత వేస్తానన్నాడు. నేను కాశీబుగ్గ వైపు భోజనానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి బిళ్ళలు బల్లమీద వరసగా ఉన్నాయి. ప్రతిదానికీ నాలుగు మూలలా పసుపు. నిరోధం కొలవడానికి నాలుగు తీగలు అతికించాల్సింది సరిగ్గా ఆ నాలుగు మూలల్లోనే.

“ఏటి సేసినావు మావా?”

“శుబకార్యమన్నావు గదా. పెళ్లోరికైతే కట్టలో పై కార్డుకే ఎడతాను. నీయి పన్నెండే గదా, అన్నిటికీ ఎట్టేసినాను.”

మా నాన్న వయసు మనిషిని పట్టుకుని బుద్ధుందా అని అడిగాను. ఇంకా ఏవేవో అన్నాను, అవి ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది. ఆయన పసుపు గిన్నెను బల్ల కిందికి తోసేశాడు. నేను సంచిలోంచి స్పిరిట్, దూది తీసి ఒక్కో మూలా రుద్దడం మొదలుపెట్టాను.

“మెల్లగా అల్లుడూ, ఇంకు పచ్చిగుంది.”

“అచ్చు సంగతి నాకు నేర్పకు,” అన్నాను. అచ్చు వేసేవాడితో.

రెండు రోజుల తర్వాత కొలిమి తెరిస్తే మూలలన్నీ పాత సున్నంలా పెచ్చులు లేచాయి. మూలల నుంచి నడిమధ్యకు పగుళ్లు. అక్కడే స్టూలు మీద కూలబడి, చేసేదేమీ లేక వాటిని లెక్కపెట్టాను. పదకొండే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు పలాసలో దిగాను. ఏ ముఖం పెట్టుకుని లోపలికి వెళ్లాలో తెలియలేదు. ఆయన మాత్రం ఏమీ జరగనట్టు స్టూలు జరిపాడు. గోడమీద దేవుడి పటం ముందు, కుంకుమకీ అగరొత్తుల బూడిదకీ మధ్య నా పన్నెండో బిళ్ళ కూర్చుని ఉంది, నాలుగు మూలలా పసుపుతో. మొదటి కార్డు ఎప్పుడూ దేవుడికేనట.

“దేవుడికిచ్చిన కార్డు ఎనక్కడుగుతారేటి?” అన్నాడాయన.

“పని కాగానే తెచ్చి ఇక్కడే పెడతాను మావా.”

ఆయన పటం ముందు నుంచి బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు. “పసుపు తుడవకు,” అన్నాడు.

తుడవలేదు. కొలిమిలో అదే కాలిపోయింది. మిగతా పదకొండింటి మీదా అలాగే కాలిపోయి ఉండేది. ఈ సంగతి మా మొదటి సంవత్సరం పిల్లలకు తెలుసు. నాకూ తెలుసు, కోపం రాకముందు.

చల్లబరచడానికి ద్రవ నైట్రోజన్ కావాలి. మా చుట్టుపక్కల అది దొరికేది పశువుల ఆసుపత్రిలో, ఆబోతుల వీర్యం దాచే క్యానులో. నేను ఫ్లాస్కు పట్టుకుని నిలబడితే, ఆవును తోలుకొచ్చిన ఒకావిడ అడ్డం తిరిగింది. “మా ఆవు ఎదకొచ్చి నిలబడుంటే ఈ బాబుకి పోత్తన్నారేటి? ఈయనకేటి తొందర?” ఆవు పని ముందయింది. తర్వాతే నాకు పోశారు.

ఆ సాయంత్రం ల్యాబులో మీటరు అంకెలు దిగుతూ వచ్చాయి. మైనస్ నూట ఎనభై దాటాక ఒక్కసారిగా సున్నాకు పడిపోయాయి. నేను కళ్లజోడు తీసి ఏడ్చాను. బయటి ఊరి పరీక్షాధికారి వైవాకు వచ్చే దాకా ఆ ఆనందం నిలిచింది.

“అదే పొడి, అదే కొలిమి. పదకొండు పాడై ఒకటే నిలిచింది. తేడా ఎక్కడొచ్చింది?” అని ఆయన అడిగాడు. ఉష్ణ వ్యాకోచం గురించి రెండు పేజీల జవాబు సిద్ధం చేసుకునే వెళ్లాను. నోరు తెరిస్తే అది రాలేదు.

“ఆ పదకొండింటినీ కోపంలో నేను తుడిచాను సార్. ఇది నా చేతికి దొరకలేదు.”

ఆయన నవ్వలేదు. థీసిస్‌లో అది కూడా రాయమని చెప్పి సంతకం పెట్టాడు.

బిళ్ళను పలాస తీసుకెళ్లి పటం ముందు పెట్టాను. పసుపు గిన్నె అడిగి నాలుగు మూలలకూ నేనే రాశాను. తర్వాత మావ ఎదురుగా నిలబడి, “తప్పు నాదే మావా. ఆ రోజు నిన్ను అనకూడని మాటలన్నాను,” అన్నాను.

ఆయన తల ఎత్తకుండా ఎవరిదో పెళ్లికార్డు మీద రబ్బరు పట్టీ లాగుతున్నాడు.

“ఇంకు పచ్చిగుందని సెప్పినాను గదా,” అన్నాడు.