విడివడే జిగురు కాచిన షిన్‌దీ

యాంగ్‌జౌ కాలువ ఒడ్డున ఏ పాత తోటలోనైనా మండపం తలుపు తీస్తే కిర్రుమనలేదంటే, అది నేను అమర్చినదే. మా ఊరి బడిలో ఐదో తరగతితో చదువు ఆపి ఉలి పట్టినవాణ్ణి. పదకొండు తోటల్లో పని చేశాను. రాష్ట్రం వాళ్లు రెండుసార్లు పిలిచి ఎర్ర అట్ట మెచ్చుకోలు పట్టాలు ఇచ్చారు. వీటన్నిటిలో గూ యావోలిన్ మేస్త్రీ అనే నా పేరును నలుగురి నోటా నిలిపింది కొంగ నిలిచిన చావడి అనే పాత మండపం. అందులోని పన్నెండు పలకలకు జిగురు కాచినది చౌ షిన్‌దీ. ఆమె పేరు ఏ పట్టాలోనూ లేదు. రాయించాల్సిన వాణ్ణి నేనే, రాయించలేదు.

షిన్‌దీది చేపలు పట్టే పడవల వాళ్ల ఇల్లు. చేప కడుపులో ఉండే గాలితిత్తులతో జిగురు కాయడం తల్లి దగ్గర నేర్చుకుంది. తిత్తులు నానబెట్టి, రాతి రోట్లో వేసి తీగలా సాగేదాకా దంచాలి. పొద్దంతా దంచితే చిన్న గిన్నెడు వస్తుంది. 1986లో ఆ పలకలు బాగుచేయడానికి నేను జట్టు కట్టినప్పుడు ఆమెను పిలిపించుకున్నాను. పాతకాలపు పనివాళ్లు ఆ పలకల మీద సన్నని వెదురు ఈనెలను నేతలా పరిచి, ముత్యపుచిప్ప రేకులతో, చలికాలంలో పూసే మెయ్ చెట్టు పూలను పొదిగారు. ఈనెలు లేచిపోయాయి, రేకులు సగం రాలిపోయి బుట్టల్లో ఉన్నాయి.

అంతలో పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. చేప జిగురు పాతకాలపుది, దాన్ని మానేసి, రెండు డబ్బాలు కలిపితే రాయిలా బిగిసే కొత్త జిగురు వాడాలని. రిజిస్టర్‌లో అలాగేనని సంతకం పెట్టాను.

"మేస్త్రీ, ఇది ఎప్పుడైనా ఊడుద్దా?" అని షిన్‌దీ అడిగింది.

"ఊడదు. అదే కదా దీని గొప్ప."

"మరి రేపు వెనకాల చెక్క మార్చాల్సొస్తేనో?"

"రేపటి సంగతి రేపటోళ్లు చూసుకుంటారు. నీ పొయ్యి సంగతి నువ్వు చూడు."

అతికించే గది ఆమెదీ, మరో నలుగురు ఆడవాళ్లదీ. కర్ర ఎంచడం, కొలతలు, ఆఫీసుల చుట్టూ తిరగడం నా వంతు. ఆ గదిలోకి తొంగిచూస్తే పసుపుపచ్చని జిగురు గిన్నెలు వేడినీళ్లలో తేలుతూ కనిపించేవి. ఎందుకని అడిగితే, చలికి గడ్డకడుతోందని అన్నారు. ఆ చలికాలమంతా షిన్‌దీ ఇంట్లో రోకటి చప్పుడు ఆగలేదు. అడిగితే, కొత్త సంవత్సరానికి బియ్యపు బిళ్లలు దంచుతున్నానంది. నిజంగానే తట్టలకొద్దీ తెచ్చి పెట్టింది. నేనూ తిన్నాను. కాస్త చేప వాసన వేసినా, పడవల వాళ్ల రోలు కదా అని సరిపెట్టుకున్నాను.

చివరి రేకు మాత్రం నేనే అతికించాను. ఆ రోజు ఆఫీసు వాళ్లు డబ్బాలు చేతబట్టుకొచ్చారు. వాళ్ల ముందే మూతలు తీసి, కలిపి, పదకొండో పలకలో కింది కొమ్మ మీద రేకు నొక్కుతుంటే ఫొటో తీశారు. అది ఇప్పటికీ మా ముందుగదిలో వేలాడుతోంది.

నిరుడు ఆ పలకల వెనక చెదలు పట్టాయి. పన్నెండు చెక్కలూ మార్చాలన్నారు. నగరం నుంచి వచ్చిన లూ అనే ఇంజినీరమ్మ పాత రిజిస్టర్ తిరగేసి తల పట్టుకుంది.

"పెద్దాయనా, ఈ జిగురైతే రేకులు చెక్కను వదలవు. లాగితే పగిలిపోతాయి."

"వదలకపోతే?"

"పుచ్చిన చెక్కతో సహా పెట్టెల్లో పెట్టెయ్యాలి. చావడి బోసిపోవాల్సిందే."

ఆమె వేలు ఆనించిన చోట నా సంతకం ఉంది. మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. నా పేరు నిలిపిన పని నా సంతకంతోనే పోతోంది.

నాలుగో రోజు పొద్దున షిన్‌దీ వచ్చింది. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, ఒక చేత కర్ర, ఒక చేత వేడినీళ్ల కెటిల్, భుజాన పాత గుడ్డ.

"అమ్మమ్మా, వాటిని ముట్టుకోకూడదు" అంది ఇంజినీరమ్మ.

"ముట్టుకోకుండా ఎట్టా చూస్తారే తల్లీ?"

"రిజిస్టర్‌లో ఏం రాసుందో..."

"రిజిస్టర్ మేస్త్రీ రాశాడు. జిగురు నేను కాశాను."

గుడ్డ తడిపి, పిండి, ఒక పువ్వు మీద పరిచింది. ఒక కప్పు టీ తాగేంత సేపు అలాగే ఉంచింది. తర్వాత గుడ్డ తీసి, గోరు ఆనించి నెట్టింది. రేకు జారి ఆమె అరచేతిలో పడింది. ఇంజినీరమ్మ గుడ్డకు పట్టిన చేప వాసన చూసి నవ్వేసింది. నేను మెట్టు మీద చతికిలబడ్డాను. మూడు రోజులుగా గుండెల మీదున్న బండ దిగిపోయింది.

"మరి ఆ డబ్బాలన్నీ ఏం చేశావు?"

"మా ఆయన పడవకి పూశా. ముప్పై ఏళ్లు చుక్క నీరు దిగలేదు. మీ ఆఫీసోళ్ల జిగురు మంచిదే మేస్త్రీ, పడవలకి."

"నాకొక్క మాట చెప్పకూడదూ?"

"చెప్తే మీ మొహం ఎర్రబడేది. ఆఫీసోళ్లు మిమ్మల్ని చూసే కనిపెట్టేసేవాళ్లు."

ఇరవై రెండు రోజుల్లో ఈనెలూ, వెయ్యీ నలభై రేకులూ చెక్కుచెదరకుండా వచ్చాయి. ఒక్క రేకు మాత్రం రాలేదు. ఇంజినీరమ్మ మూడుసార్లు గుడ్డ మార్చింది. షిన్‌దీ వంగి చూసింది. పదకొండో పలక, కింది కొమ్మ.

"దీనికి కష్టపడమాకు తల్లీ. ఇది ఫొటోలో పడ్డ రేకు."

అక్కడ చెద తగలలేదు. రేకు చుట్టూ పాత చెక్కను బిళ్లలా కోసి, కొత్త చెక్కలో తొలిచి కూర్చాం. ఆ కోత నేనే కోశాను. ఎనభై నాలుగేళ్లకూ నా చెయ్యి వణకదు.

కొత్త జిగురు దంచడానికి ఆమె భుజాలు సహకరించలేదు. రోకలి నేను పట్టాను. ఆమె పీట వేసుక్కూర్చుని, "మేస్త్రీ, దంచమన్నాను, జోకొట్టమన్లేదు" అంటూ పని చేయించింది.

అన్నీ అతికాక రిజిస్టర్ తెప్పించి పాత వాక్యం కొట్టేశాను. 'జిగురు: చేప తిత్తి. అప్పుడు కాచినదీ, ఇప్పుడు కాయించినదీ చౌ షిన్‌దీ' అని రాశాను. దాని కింద, 'పదకొండో పలకలో ఒక రేకు: డబ్బా జిగురు. అతికించినది గూ యావోలిన్' అని రాశాను. ఆమెకు చదువు రాదు కనుక నేనే చదివి వినిపించాను. తన పేరున్న వాక్యం ఒకసారి వింది. నా పేరున్నది మూడుసార్లు చదివించుకుంది.