మసి రాలని రోజు

మా అమ్మ బట్టలు ఆరేసే ముందు ఫ్యాక్టరీ చిమ్నీల వైపు చూసేది. పొగ ఎటు వాలుతోందో గమనించి, కాలనీలో మా సెక్టారు మీదికి రాదని నమ్మకం కుదిరాకే తెల్లబట్టల బకెట్టు డాబా మీదికి మోసేది. గాలి మళ్ళితే తడి దుప్పట్ల మీద సన్నటి నల్లపొడి రాలుతుంది. దులిపితే పోదు, తుడిస్తే మరకవుతుంది. అమ్మకు చదువు రాదుగాని ఆ పొగను చదవడం వచ్చు. ఆమె తెల్లదుప్పట్లు ఆరేసిందంటే ఆ రోజు మసి రాలదని మా క్వార్టర్ల వరుసలో అందరూ నమ్మేవారు.

ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణముంది.

నాన్న శ్రీకాకుళం వైపు నుంచి భిలాయి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చాడు. నేనూ తమ్ముడూ భిలాయిలోనే పుట్టాం. నాకు నోరెక్కువ. తమ్ముడికి అసలే లేదు. దుకాణంలో చిల్లర తక్కువిచ్చినా అడగలేక ఇంటికొచ్చేసేవాడు. ఎవరైనా తగిలితే తగిలినవాడికి వాడే సారీ చెప్పేవాడు. కళ్ళకు దూరపు చూపు ఆనదని చిన్నప్పుడే అద్దాలు పడ్డాయి.

మా మేనమామ విశాఖలో ఓడలెక్కేవాడు. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన రోజుల్లో ఒకసారి మమ్మల్ని చూడ్డానికొస్తూ జపాన్ రేవులో కొన్న సీడీలు ఒక సంచీడు తెచ్చాడు. బొమ్మల సీరియల్. అట్టమీద అక్షరాలు మాకెవరికీ రావు. బొమ్మనుబట్టి అది బాక్సింగ్ కథ అని తెలిసింది, అంతే. బట్టలుతికే దుకాణంలో పనిచేసే ఒక పిరికి కుర్రాడు. ఎప్పుడూ తల వంచుకునే నడుస్తాడు. ఒకరోజు బాక్సింగ్ నేర్పే షెడ్డులోకి తడిబట్టల మూటతో వెళ్ళి, అక్కడే ఉండిపోతాడు. చంకలో టీ ఫ్లాస్కు పెట్టుకుని తిరిగే ముసలి కోచ్ ఒకాయన వాడికి నేర్పుతాడు.

మా ఇద్దరికీ ఆ బొమ్మ పిచ్చి పట్టింది. అయితే ఇద్దరం చూసింది ఒకటి కాదు. నాకు ఎదుటివాడు కూలబడే ఘట్టాలు కావాలి. తమ్ముడికి ఆ తర్వాత వచ్చేది కావాలి. గెలిచాక ఆ కుర్రాడు ఓడినవాడి దగ్గరికెళ్ళి నడుందాకా వంగి దణ్ణం పెడతాడు. అప్పుడు కూడా వాడి చెవులు సిగ్గుతో ఎర్రగానే ఉంటాయి. గెలుపు వాడి పిరికితనాన్ని మాన్పలేదు. వణుకుతూనే వెళ్తాడు, వణుకుతూనే నిలబడతాడు. అలాంటివాడికి కూడా రింగులో చోటుందన్నదే తమ్ముణ్ణి పట్టుకుందని నాకు చాలా ఏళ్ళకుగాని అర్థం కాలేదు.

ఆ మాటలు ఒక్క ముక్క మాకు రావు. కింద వేరే భాషలో రాత కూడా ఉండేది కాదు. అందుకని నేనే చెప్పేవాణ్ణి. ముసలి కోచ్ నోరు కదిలినప్పుడల్లా ఆయన గొంతు పెట్టి తెలుగులో మాటలు కల్పించేవాణ్ణి. ఒక ఘట్టంలో కుర్రాడు దెబ్బలు తిని బల్లమీద కూర్చుంటాడు. కోచ్ ఫ్లాస్కు మూత తీసి, టీ వంచి ఇచ్చి, చాలాసేపు మెల్లగా ఏదో చెబుతాడు. తమ్ముడు అడిగాడు.

"ఏటంతన్నాడన్నియ్యా?"

నేను తడుముకోలేదు. "దెబ్బ తగిలినాదని ఎవులికీ సెప్పకు. అడిగితే బాగానే ఉన్నానను. బాగానే ఉన్నానన్నోడే గెలుత్తాడు. అదిరా ఆయన సెప్తంది."

ఆ ఘట్టాన్ని తమ్ముడు ఎన్నిసార్లు వేయించుకున్నాడో. ప్రతిసారీ నా చేత ఆ మాటలు మళ్ళీ చెప్పించుకునేవాడు. ఒక్క మాట మారిస్తే, "నిన్న అలాగ సెప్పలేదు" అని సరిచేసేవాడు.

నా గురించి కూడా చెప్పాలి. అంతకుముందే నేను క్లబ్బులో బాక్సింగ్ నేర్చుకోవడానికి వెళ్ళాను. మొదటి పోటీలో మొదటి దెబ్బ ముక్కుమీద పడగానే తాడు కింద నుంచి దూరి బయటికొచ్చేశాను. కడుపునొప్పి వచ్చిందని ఇంట్లో చెప్పాను. తమ్ముణ్ణి అదే క్లబ్బుకు తీసుకెళ్ళి చేర్చిందీ నేనే. వాడు దెబ్బలకు జంకడని తెలిశాక నాకు ఒళ్ళు పొంగింది. నేను పారిపోయిన చోట నావాడొకడు నిలబడుతున్నాడు, అది చాలనుకున్నాను. అద్దాలు తీసేసి, ఎదుటివాడు మసగ్గా కనిపిస్తుంటే, దగ్గరికి చొరబడి కొట్టేవాడు. దగ్గరికి చొరబడ్డవాడికి దెబ్బలూ ఎక్కువే తగులుతాయి.

పాత రాష్ట్రంలో మా ఊరి పిల్లలు జట్టుకు ఎంపికవడం కలలోని మాట. కొత్త రాష్ట్రానికి కొత్త జట్టు కావాలి. తక్కువ బరువులో పోటీ చేసేవాళ్ళు దొరకడమే లేదు. తమ్ముడిలాంటి బక్కవాడికి ఒకటి రెండు పోటీలు గెలిస్తే చాలు, రాష్ట్రం పేరున్న బనీను ఒంటిమీదికి వస్తుంది. క్లబ్బులో హిందీ కుర్రాళ్ళు వాణ్ణి చూసి నవ్వేవారు. "ఏ అన్నా, ఇడ్లీ ఖాకే లడేగా క్యా?" ఇడ్లీలు తిని కొట్లాడతావా అని. వాడు కూడా నవ్వేవాడు. నేను మాత్రం నవ్వేవాణ్ణి కాదు. ఆ బనీను నా కళ్ళముందే ఉండేది.

ఎంపికలు దగ్గర పడ్డాయి. ఒక ఉదయం ఇద్దరం డాబా మీద ఉన్నాం. అమ్మ దుప్పట్లు ఆరేసి కిందికి దిగింది. తమ్ముడు తాడు తిప్పుతూ ఆగి, ఎడమ కన్ను నలుపుకున్నాడు.

"మసి ఎక్కువుందన్నియ్యా ఇయాల. కంట్లో పడిపోతంది."

నేను తలెత్తి చూశాను. ఆకాశం శుభ్రంగా ఉంది. పొగ అవతలి వైపుకు వాలి ఉంది. చేతికందేంత దూరంలో అమ్మ ఆరేసిన తెల్లదుప్పటి మీద ఒక్క చుక్క లేదు.

నేను ఆ దుప్పటిని చూశాను. తర్వాత తమ్ముడి మొహాన్ని చూశాను. వాడు లేని మసిని చేత్తో తోలుకుంటున్నాడు.

"కళ్ళు కడుక్కో" అన్నాను.

ఆ తర్వాత వాడు గ్లాసులో పోసిన నీళ్ళు గ్లాసు పక్కన పడ్డాయి. మెట్లు దిగేటప్పుడు ఎడమభుజం గోడకు కొట్టుకుంది. అమ్మ "నిద్ర సరిపోలేదేటిరా?" అంది. "బాగానే ఉన్నానమ్మా" అన్నాడు వాడు. నేను చెప్పి చెప్పి నేర్పిన మాటే, అదే గొంతుతో. ఒక్క మాట చెబితే అమ్మ పోటీకి పంపదని నాకు తెలుసు. నేను అన్నం కలుపుకుంటూ కూర్చున్నాను.

ఎంపిక రోజున వాడి మూలన తువ్వాలు పట్టుకుని నిలబడ్డవాణ్ణి నేనే. మొదటి రౌండు బాగానే జరిగింది. రెండో రౌండులో ఎడమవైపు నుంచి వచ్చే దెబ్బలన్నీ వాడికి తగలడం మొదలైంది. ఒక్కటి కూడా తప్పించుకోలేకపోయాడు. అవి వస్తున్నట్టే వాడికి తెలియడం లేదు. గంట కొట్టాక రిఫరీకి అనుమానం వచ్చి డాక్టరును పిలిచాడు. పెద్దాయన, నెమ్మదస్తుడు. తాడు పక్కకొచ్చి తమ్ముడి కుడికన్ను మూసి, ఎడమకంటి ముందు వేళ్ళు చూపించి ఎన్నో అడిగాడు.

"కిత్‌నీ ఉంగ్లీ, బేటా?"

నేను తమ్ముడి వెనక ఉన్నాను. మెడ తుడుస్తున్నట్టు తువ్వాలు కప్పి, దాని కింద నుంచి రెండుసార్లు నొక్కాను.

"దో" అన్నాడు తమ్ముడు.

డాక్టరు వేళ్ళు మార్చాడు. నేను నాలుగుసార్లు నొక్కాను.

"చార్."

"ఠీక్ హో?"

"ఠీక్ హూఁ సర్." బాగానే ఉన్నానన్న మాటే, హిందీలో.

ఇలా చేద్దామని మేమిద్దరం ముందు అనుకోలేదు. నా వేళ్ళు మెడమీద నొక్కగానే వాడికి అర్థమైపోయింది. అదే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. నేను చేతికిచ్చింది ఏదైనా వాడు అలాగే తీసుకునేవాడు.

మూడో రౌండు పూర్తికాలేదు. ఎడమవైపు నుంచి వచ్చిన ఒక దెబ్బకు వాడు పడ్డాడు. చెయ్యి చాచి తాడు పట్టుకోబోయాడుగాని, తాడు ఉన్నచోట కాకుండా దాని పక్కన గాలిలో పట్టుకున్నాడు. లేచి నిలబడి, గెలిచినవాడి మూల ఎటో వెతుక్కుని, వేరే వైపుకు తిరిగి నడుందాకా వంగి దణ్ణం పెట్టాడు. అక్కడ ఎవరూ లేరు. జనం నవ్వారు.

రాయపూర్‌లో కంటి డాక్టరు కంటి వెనక పొర ఊడిపోయిందన్నాడు. నల్లచుక్కలు కనబడ్డ రోజునే వచ్చి ఉంటే ఎంతోకొంత నిలిచేదన్నాడు. "మీకు ముందు ఏమీ తెలియలేదా?" అని అడిగాడు. నాన్న నా వైపు చూశాడు. లేదన్నాను. తమ్ముడు పక్కనే కూర్చుని ఉన్నాడు. రెండో కంటిని కూడా జాగ్రత్తగా చూసుకోవాలని, చుక్కలు కనబడితే పరుగున రావాలని డాక్టరు మరీమరీ చెప్పాడు. ఆపరేషను చేసినా ఎడమచూపు రాలేదు. నాన్న పనిచేసిన చోట ఉద్యోగానికి వైద్యపరీక్షలో తమ్ముడు తప్పాడు. నేను నెగ్గాను.

ఏళ్ళు గడిచాయి. ఊళ్ళోనే వైశాలి నగర్‌లో మా ఇంట్లో ఈమధ్య మా అమ్మాయి కంప్యూటర్‌లో ఏదో చూస్తుంటే ఆ ఫ్లాస్కు కనబడింది. అదే బొమ్మ. ఇప్పుడు కింద ఇంగ్లీషు రాత వస్తోంది. బల్లమీది ఘట్టం కోసం వెతికి పెట్టమన్నాను. ముసలి కోచ్ టీ వంచి ఇచ్చాడు. నోరు కదిలింది. నేను చదివాను.

ముందు ఇది తాగు. ఎక్కడ నొప్పిగా ఉందో చూపించు. దాచకు. ఇంటికెళ్ళి పడుకో, వారందాకా ఇటువైపు రాకు.

"ఏమైంది నాన్నా?" అంది అమ్మాయి. ఏమీ కాలేదని లేచి, బండి తీసి ఊరికి ఆ చివరనున్న భిలాయి-3 వెళ్ళాను.

తమ్ముడు అక్కడ జిరాక్సు కొట్టు నడుపుతాడు. నేను వెళ్ళేసరికి గిరాకీ లేదు. మిషను మూత ఎత్తి, అద్దాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. నేను నిలబడే ఉండి ఆ కోచ్ నిజంగా ఏమన్నాడో చెప్పాను. నేను చెప్పిందంతా అబద్ధమని చెప్పాను.

వాడు తుడవడం ఆపలేదు. "నాకు తెల్సన్నియ్యా. నీకు జపాను భాష ఎలాగొచ్చుద్దేటి?"

"తెలిసీ ఎందుకిన్నావురా మరి?"

"ఆ ముసిలోడి మాటని ఇన్నానేటి? నువ్వు సెప్పినావని ఇన్నాను."

అంతలో మరదలు లోపలి నుంచి టీ తెచ్చింది. "మీరైనా సెప్పండి బావగారూ. పొద్దుట్నించీ ఈయన అదే పని. అద్దంమీద మసుందంతాడు. నాకేటీ కనిపించదు. ఇలాగ తుడిత్తే అద్దమే అరిగిపోద్ది."

మిషను పక్కన అప్పుడే తీసిన కాపీ ఒకటి పడి ఉంది. చేతిలోకి తీసుకున్నాను. కాగితం అంచుల్లో ఎక్కడా ఒక్క చుక్క లేదు. అమ్మ దుప్పటిలాగ తెల్లగా ఉంది.

"కన్నెలాగుంది?" అన్నాను. వాడు అద్దం తుడుస్తూనే ఉన్నాడు. మళ్ళీ అడిగాను. "ఆ రెండోది. ఎలాగుంది?"

"బాగానే ఉంది."

చెయ్యెత్తి వాడి మొహం ముందు వేళ్ళు పెట్టాను. వాడు గుడ్డ పక్కన పెట్టి, నా వేళ్ళ వైపు చూసి, చిన్నప్పటిలాగే సిగ్గుగా నవ్వాడు.

"ఎన్ని సెప్పమంతావన్నియ్యా?"

కొట్టు షట్టరు సగం దించాను. "సొక్కా ఏసుకో" అన్నాను. "రాయపూర్ ఎల్దాం. ఇప్పుడే."

దారిలో కుమ్హారి ఊరు దాటేదాకా వాడు బండి వెనక నా చొక్కా పట్టుకుని కూర్చున్నాడు. దాటాక నా భుజంమీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో అద్దం తుడిచినట్టు మెల్లగా, నా మొహం పక్కన గాలిలో దేన్నో తోలుకున్నాడు.