అమ్మ తొక్కిన గడ్డి రిక్షా

మా చిన్నప్పుడు... శనివారం వచ్చిందంటే నాకూ, చెల్లి సునీతకూ ఆకుల సంచుల్లో దూకే పని ఉండేది.

మాది ఏలూరు. నాన్న ఒక కాలేజీలో తోటపని చేసేవారు. ఆఫీసు ముందు పెద్ద లాను, చుట్టూ బాదం చెట్లు. నాన్న తాడు పట్టుకుని గడ్డి కోసే మిషన్ని ముందుకి లాగితే, అమ్మ వెనకనుంచి తోసేది. కోసిన గడ్డీ, రాలిన ఆకులూ గోనెసంచుల్లోకి ఎత్తడం మా వంతు. బాదం ఆకులు ఓ పట్టాన అణగవు... అందుకని మమ్మల్నే సంచిలోకి దింపి తొక్కమనేవారు. గరగరలాడుతూ నడుం దాకా ఆకులు... బయటికి రమ్మంటే వచ్చేవాళ్లం కాదు.

నిండిన సంచులన్నీ తొక్కుడు రిక్షా మీద పేర్చి, పైన పాత చేపల వల కప్పి బిగించేవారు నాన్న. ఆ లోడు ఊరి చివర, కొల్లేరు దారిలో ఉన్న సత్యంగారి చేపల చెరువుకి వెళ్లేది. పచ్చిగడ్డి చెరువులోని గడ్డిచేపలకి, ఆకులు గట్టు మీది కొబ్బరి మొక్కల పాదుల్లోకి. గడ్డి మాత్రం ఏ రోజుది ఆ రోజే వెళ్లిపోవాలి. ఒక్క రాత్రి సంచిలో ఉందంటే లోపల వేడెక్కిపోయి పుల్లటి వాసన కొట్టేది. చేపలు ముట్టేవి కావు.

నేను ఆరో తరగతిలో ఉండగా, వానాకాలంలో నాన్న పాచి మీద జారి పడ్డారు. కాలు విరిగింది. కట్టు కట్టి, మంచం దిగొద్దన్నారు.

వానల్లో గడ్డి ఆగదు కదా... కోత వరకూ వాచ్‌మన్ సాయంతో అమ్మ ఎలాగో నెట్టుకొచ్చింది. మోసుకెళ్లేవాళ్లు లేక సంచులు మాత్రం చెట్ల కింద పేరుకుపోయాయి. ఆ వాసన ఆఫీసు గదుల్లోకి పోయింది. శనివారం కల్లా తీయించకపోతే వేరేవాళ్లని పెట్టుకోవాల్సి వస్తుందని సూపర్‌వైజరుగారు ఇంటికొచ్చి, మర్యాదగానే చెప్పి వెళ్లారు. ఆ పూట నాన్న అన్నం సగంలోనే వదిలేశారు.

అమ్మ మర్నాటినుంచి తెల్లవారగానే మమ్మల్ని వెంటబెట్టుకుని ఖాళీ రిక్షాతో కాలేజీ గ్రౌండుకి వెళ్లేది. ఉంగుటూరులో, పుట్టింట్లో, తాతయ్య సైకిలు తొక్కిన మనిషే... అయినా రిక్షా అమ్మ మాట వినలేదు. సైకిలు కాస్త ఒరిగితే తిరుగుతుంది. రిక్షా ఒరగదు. ఎటు తిప్పబోయినా గోడకేసి పోయేది. మేం నవ్వితే తనూ నవ్వేసి, కుచ్చెళ్లు పైకి దోపుకుని మళ్లీ ఎక్కేది. నాన్నకి చెప్పొద్దంది.

శనివారం ఆ పాత సంచులతోపాటు పొద్దున్నే కోసిన పచ్చిగడ్డి కూడా లోడు కట్టాం. అమ్మ హ్యాండిలు పట్టుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. తను తొక్కుతుంటే మేం వెనకనుంచి తోశాం. లోడు రిక్షా తొక్కే ఆడమనిషిని అప్పటిదాకా నేను చూడలేదు... రోడ్డు మీద జనమూ చూడలేదనుకుంటా, అందరూ ఆగి చూశారు. సునీత మాత్రం ఊరేగింపులో ఉన్నట్టే నడిచింది.

కాలువ వంతెన దగ్గరికొచ్చేసరికి బండి మొరాయించింది. అమ్మ లేచి నిలబడి తొక్కినా సగం ఎత్తు దాకా వెళ్లి వెనక్కి జారిపోతోంది. ఇంకోసారి జారినప్పుడు నేను చక్రం కింద రాయి పెట్టాను కాబట్టి సరిపోయింది, లేకపోతే సంచులతో సహా కాలువలోకే. అమ్మ మొహమంతా చెమటలు. టీ బడ్డీ దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన లేచి వచ్చారు.

"దిగండమ్మా, నేను ఎక్కించి పెడతాను."

"వద్దండీ. ఇవాళంటే మీరు ఎక్కిస్తారు... వచ్చే శనివారం మళ్లీ నేనే రావాలి కదండీ."

ఆయన ఏమీ అనుకోలేదు, అలా పక్కనే నిలబడ్డారు. అమ్మ కాసేపు వంతెనకేసి చూసింది. తర్వాత వల విప్పి సగం సంచులు కిందికి దింపేసి, సునీతని వాటి దగ్గర కాపలా ఉంచింది. మిగతా సగంతో ఎక్కితే బండి మూలుక్కుంటూ మూలుక్కుంటూ పైకి చేరింది. వాటిని అవతల దింపి, నన్ను అక్కడ ఉంచి, మిగతావాటి కోసం వెనక్కి వెళ్లింది. వెళ్లేసరికి ఆ పెద్దాయన సునీత పక్కనే కూర్చుని కబుర్లు చెబుతున్నారట.

చెరువులోకి ఆ పచ్చిగడ్డి విసరగానే నీళ్లు కదిలాయి. మూతులు పైకి తేలాయి, చప్పరించినట్టు ఒకటే చప్పుడు... సత్యంగారు నాన్న ఏరని అడిగారు. అమ్మ జరిగింది చెప్పింది. ఆయన రిక్షాకేసి చూసి, లుంగీ ఎగ్గట్టి, మిగిలిన పాత సంచులు కొబ్బరి పాదుల దగ్గర తనే దింపారు.

తిరుగుదారిలో ఖాళీ బండి మీద మేమిద్దరం. వంతెన దిగుతుంటే గాలికి వల ఎగిరి మా మొహాల మీద పడింది. అమ్మ పకపకా నవ్వింది... అమ్మ అలా నవ్వగా నేను వినడం అదే మొదలు.

ఇంటికొచ్చేసరికి కబురు మాకంటే ముందే చేరిపోయింది. నాన్న మంచం మీద లేచి కూర్చుని ఉన్నారు. కోప్పడతారేమో అనుకున్నాం. ఆయన అమ్మ అరచేతులు తిప్పి చూశారు. బొబ్బలు.

"బరువంతా ముందుకి పేర్చాలి. వెనక పడితే బండి వంతెన ఎక్కదు," అన్నారు.

"ఈ మాట ముందే చెప్పకూడదూ?"

"తొక్కుతానని నువ్వు చెప్పావా మరి?"

నాన్న కాలు అతుక్కుంది గానీ, మునుపటిలా పెడలు తొక్కలేకపోయారు. నా పదో తరగతి అయ్యేదాకా ఆ రిక్షా అమ్మదే. నాన్న పేర్చేవారు, అమ్మ తొక్కేది. జనం ఆగి చూడడం మానేశారు.

మొన్న ఆ కాలేజీ వైపు వెళ్లాను. ఒకాయన మిషను మీద కూర్చుని లాను కోస్తున్నారు. గడ్డి దానంతటదే వెనక సంచిలో పడుతోంది, ట్రాక్టరు వచ్చి ఎత్తుకుపోతోంది. మంచిదే... ఎవరి నడుమూ పడిపోదు. సాయంత్రం అమ్మకి ఈ సంగతి చెబితే, "ఆ గడ్డి ఎవరి చేపలకి వెళ్తోందో అడిగావా?" అంది.

నాకు అడగాలనే తోచలేదు.

మీ అమ్మ మొదటిసారి ఏ బండైనా నడిపిన రోజు మీరు వెనకాల ఉన్నారా? ఉంటే కింద రాయండి... మా అమ్మకి చదివి వినిపిస్తాను.