రెండు ఎడమ చేతుల కోటు

మా మామయ్యకు ఒకటే జబ్బు. పెళ్ళికొడుకు కనబడితే చాలు, పెళ్ళి వద్దని చెప్పకుండా ఉండలేడు. ఏ తాళాల కొట్టో నడిపే మనిషైతే పోనీలే అనుకోవచ్చు. ఆయన కుట్టేవి పెళ్ళికోట్లు.

ఆ ఉపన్యాసం కూడా ట్రయలు రోజునే. కచ్చాకుట్ల కోటు తొడిగి, చుట్టూ గుండుసూదులు గుచ్చి, కదిలితే పొడుచుకుంటాయని చెప్పి మరీ మొదలుపెట్టేవాడు.

"ఇంకా మించిపోలేదు బాబూ. రేపట్నుంచి నీ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. నువ్వు ఔనన్నది కాదంటారు. ఆలోచించుకో."

పక్కన కాజాలు కుడుతూ నేను తల పట్టుకునేదాన్ని. "మామయ్యా, వీళ్ళంతా పారిపోతే మనం తినేదేమిటి?"

"నిజం చెప్పడం నా ధర్మమే."

ఒక పెళ్ళికొడుకైతే వణికే వణుకుకు సూదులే ఊడిపోయాయి. మామయ్య వాణ్ణి కూడా వదల్లేదు. "పిల్ల గయ్యాళిట కదా" అన్నాడు. "ఆవిడ జోలికొస్తే బాగుండదు" అని వాడు కోటుతో సహా వీధిలోకి నడిచాడు. కోటు కోసం వెనకాల పరిగెత్తింది నేను.

ఎదురు కొట్లో గడియారాలు బాగుచేసే ఆవిడ ఒక్కతే మామయ్యకు సమాధానం చెప్పగలిగేది.

"పెళ్ళంటే అంత భయమైతే పెళ్ళికోట్లెందుకండీ టైలరుగారూ? దుప్పట్లకు అంచులు కుట్టుకోవచ్చుగా?"

"మీ నాలుక కాస్త ముందు నడుస్తున్నట్టుంది. సరిచేసుకోండి."

"మీ బుర్రకు కీ ఇవ్వడం నావల్ల కాదు గాని, మీ గోడ గడియారం పట్టుకెళ్ళండి."

ఆ గోడ గడియారమే కొంప ముంచింది. అది ఊరికే ఆగిపోవడం మొదలుపెట్టింది. మామయ్య దాన్ని చంటిబిడ్డలా చంకనేసుకుని వీధి దాటడం, ఈలవేసుకుంటూ తిరిగి రావడం. దువ్వెన మొహం ఎరుగని మనిషి తల దువ్వుకుంటున్నాడు. చివరికి ఒకరోజు పరధ్యానంలో ఒక కోటుకు రెండూ ఎడమ చేతులే కోసి కుట్టేశాడు.

"పాపం, ఆ పెళ్ళికొడుకు కుడిచెయ్యి ఏం చేసుకోవాలి మామయ్యా?" అన్నాను. మామయ్య ఆ కోటు మూలన పడేసి, వాడికి కొత్తది మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం ఆవిడే గడియారం పట్టుకుని మా కొట్లోకి వచ్చింది.

"దీనికి ఏ రోగమూ లేదండీ. లోలకం మీరే ఊడదీస్తున్నారు. నాకూ మీరంటే ఇష్టమే. మా అన్నయ్య తన ఊళ్ళో నాకో కొట్టు చూశాడు, రమ్మంటున్నాడు. ఔనో కాదో రేపు కొట్లు కట్టేసేలోగా చెప్పండి."

మర్నాడు మామయ్య ఒక్క గుడ్డ కోయలేదు. పొద్దుగూకింది. ఎదురు కొట్లో ఆవిడ బల్ల సర్దుకుంటోంది.

"వెళ్ళు మామయ్యా."

"ఊరంతా నవ్వదుటే? అయినా ఆవిడకు నేనేం తగుతాను?"

నాకు ఒళ్ళు మండింది. మూలనున్న రెండు ఎడమ చేతుల కోటు తెచ్చి తొడిగాను. చుట్టూ సూదులు గుచ్చాను.

"కదలకు, పొడుచుకుంటాయి. ఇంకా మించిపోలేదు మామయ్యా. నీ కుర్చీలో ఆవిడ కూర్చుంటుంది."

"కూర్చోనీ. నేను నిలబడే కదా కోసేది."

"నువ్వు ఔనన్నది కాదంటుంది."

"అనకపోతే నాకు తోచదే."

"వట్టి గయ్యాళి."

"ఏయ్, ఆవిణ్ణి ఒక్క మాటన్నావంటే..." అంటూ వీధి వైపు అడుగు వేసి, ఆగాడు. నా వంక చూసి నవ్వాడు. "దొంగపిల్లా, నా మందు నాకే పోశావే."

"మందేమిటి?"

"వణికేవాడికి ధైర్యం చెబితే ఇంకా వణుకుతాడే. ఆ పిల్లనొక మాటంటే చాలు, భయం మరిచిపోయి వాడే నిలబడతాడు."

అప్పుడు గుర్తొచ్చింది. మా కోటు తొడుక్కున్న వాళ్ళలో పెళ్ళి మానేసినవాడు ఒక్కడూ లేడు. ఇన్నేళ్ళూ పక్కన కూర్చుని కాజాలు కుట్టానే గాని, ఇంత చిన్న సంగతి నా బుర్రకెక్కలేదు.

మామయ్య సూదులతోనే వీధి దాటాడు. ఆవిడ కంటికున్న భూతద్దం తీసి ఎగాదిగా చూసింది.

"రెండూ ఎడమ చేతులేనండీ."

"మీ చలవే. ఔనండీ."

"చేతుల సంగతా?"

"రెండు సంగతులూనూ."

ఆవిడ అక్కడున్న కుర్చీ ముందుకు జరిపింది. నేను మా కొట్టు తలుపులు వేశాను.

పెళ్ళయ్యాక కూడా మామయ్య ఉపన్యాసం మానలేదు. కాకపోతే మధ్యలో ఎదురు కొట్లోంచి అత్తయ్య గొంతు వినిపిస్తుంది. "అన్నీ అబద్ధాలు బాబూ, నమ్మకు."

"చూశావా? నేను ఔనన్నది కాదంటుంది" అంటాడు మామయ్య, సూదులు గుచ్చుతూ, మొహం చేటంత చేసుకుని.