చదవకుండా వదిలిన కామెంట్లు

అరిజోనాలోని చాండ్లర్‌లో మా టెస్ట్ ఇంజనీర్ల సంఘం నెలకొకసారి సమావేశమవుతుంది. ఒక హోటల్ వెనక గదిలో, మొదటి గురువారం సాయంత్రం. ముందు భోజనం, తర్వాత ఒక ప్రసంగం, చివర మైకు దగ్గర ప్రశ్నలు. నేనూ మా ఆయనా చాలా ఏళ్లు కలిసి వెళ్లాం. ఇద్దరిదీ ఒకే పని. తయారైన చిప్ కొన్నవాళ్ల దగ్గరికి వెళ్లేముందు దాన్ని వేడిలోనూ చలిలోనూ పెట్టి, పనిచేస్తుందో లేదో చూడటం.

ఆ గదిలో కిటికీ పక్క బల్ల తెలుగువాళ్లది. ఎవరూ నిర్ణయించలేదు, అలా అయిపోయింది. ఆ బల్ల నుంచి ఎవరూ లేచి మైకు దగ్గరికి వెళ్లేవారు కాదు. ప్రసంగం అయ్యాక పార్కింగ్ లాట్‌లో, కారు తలుపు తెరిచి పట్టుకుని, మా ఆయన్ని అడిగేవారు.

"అంకుల్, మా దగ్గర ఇట్లా చేస్తున్నారు. ఇది కరెక్టేనా?"

వీసా మీద ఉన్నవాళ్లు మైకులో అలాంటివి అడగరు. గదిలో వాళ్ల మేనేజర్లు కూడా ఉంటారు.

ఆ పార్కింగ్ లాట్ ప్రశ్నల కోసమే మేం తెలుగులో బ్లాగు మొదలుపెట్టాం. వారానికి ఒక వ్యాసం. కింద ఎవరైనా పేరు లేకుండా ప్రశ్న రాయవచ్చు. వాళ్ల ఈమెయిల్ మాకు మాత్రమే కనిపిస్తుంది. మొదటి ఏడాది చదివినవాళ్లు మా బల్ల దగ్గర కూర్చునేవాళ్లే. తర్వాత శాంటా క్లారా నుంచి, ఆస్టిన్ నుంచి, మేం ఎప్పుడూ చూడనివాళ్లు రాయడం మొదలుపెట్టారు. ఏటా జరిగే పెద్ద కాన్ఫరెన్స్‌లో ఒకరినొకరు గుర్తుపట్టడానికి మా ఆయన ఒక పద్ధతి పెట్టారు. బ్లాగు చదివేవాళ్లు మెడలో వేసుకునే బ్యాడ్జి మీద ఒక మూల చిన్న ఆకుపచ్చ చుక్క అంటించుకుంటారు. చుక్కలున్నవాళ్లు మధ్యాహ్నం భోజనానికి ఒకచోట చేరేవారు. ఒక ఏడాది మూడు బల్లలు నిండాయి. ఆ రోజు ఆయన ముఖం నాకు గుర్తుంది.

కామెంట్లు చూసే పని ఆయనది. పొద్దున కాఫీ తాగుతూ ఒక్కొక్కటీ రెండుసార్లు చదివి, గుర్తుపట్టే వీలున్నదంతా తీసేసి అప్పుడు బయటికి వదిలేవారు. కొన్ని పైకి చదివేవారు.

"ఊరు పేరు తీసేశాను. షిఫ్టు తీసేశాను. ఇదిగో, వీడు తన మేనేజర్‌కి కొత్తగా కవలలు పుట్టారని రాశాడు. ఇంక అడ్రస్ కూడా ఇచ్చేయొచ్చుగా."

"తెలుగులో ఉంది కదా. మేనేజర్ ఎలా చదువుతాడు?"

"మేనేజర్ చదవడు. మేనేజర్ పక్కన కూర్చునే తెలుగువాడు చదువుతాడు. మనవాళ్లని నువ్వు నాకు కొత్తగా పరిచయం చేయక్కర్లేదు."

నేను నవ్వేదాన్ని. తెలుగు లిపి చాలు, ఇంకే రక్షణా అక్కర్లేదని నా నమ్మకం. నా ఒక్కదానిదే కాదు. మాకు రాసేవాళ్లందరిదీ అదే. ఆఫీసులో ఇంగ్లిష్‌లో ఒక్క వాక్యం రాయడానికి పదిసార్లు ఆలోచించే పిల్లలు మా బ్లాగులో అన్నీ విప్పి చెప్పేవారు.

ఆయన పోయి పద్నాలుగు నెలలు దాటింది. గుండె. ఆఫీసులోనే. ఆ తర్వాత నాలుగో రోజో ఐదో రోజో బ్లాగు తెరిచాను. ఆయన కోసం ఇరవై రెండు కామెంట్లు ఎదురుచూస్తున్నాయి. వాటి పక్కన ఆయన పేరుంది, ఆయన చూడాల్సినవని. నేను చదవలేకపోయాను. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, వచ్చిన కామెంట్ వచ్చినట్టే బయటికి వెళ్లేలా మార్చాను. ఒక్క క్లిక్. కొత్త కామెంట్ చేరిందని వచ్చే నోటీసులు కూడా ఆపేశాను. వారం వారం వ్యాసాలు మాత్రం రాస్తూ వచ్చాను. రాయడం ఆగితే ఆయన రెండోసారి పోయినట్టు అనిపించేది. కింద ఏం చేరుతోందో చూడలేదు. ఎప్పుడైనా ఒకటి రెండు చూసినా పూర్తిగా చదవలేదు.

ఈ ఏడాది కాన్ఫరెన్స్ శాంటా క్లారాలో. వెళ్లకూడదనుకున్నాను. చనిపోయిన సభ్యులను తలుచుకునే కార్యక్రమంలో ఆయన పేరు చదువుతారని ఉత్తరం వచ్చింది, అందుకని వెళ్లాను. ఐదు పేర్లు చదివారు. ఆయన పేరు మూడోది. చదివినతను మా చాండ్లర్ శాఖ కార్యదర్శి. ఒక చిప్ కంపెనీలో క్వాలిటీ డైరెక్టర్. అమెరికన్, అరవై దగ్గర పడ్డవాడు, మా ఆయన్ని బాగా ఎరిగినవాడు. పేరు తప్పు లేకుండా పలికాడు. ముందుగా ఎవరినో అడిగి నేర్చుకుని ఉంటాడు.

కార్యక్రమం అయ్యాక కాఫీ పెట్టిన హాల్లో నా దగ్గరికి వచ్చాడు. మా ఆయన గురించి రెండు మంచి మాటలు చెప్పాడు. తర్వాత ఇంగ్లిష్‌లో, అదే గొంతుతో, "మీ బ్లాగు చదువుతున్నాను. చాలా బావుంది," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అది తెలుగులో కదా అన్నాను.

"బ్రౌజర్ ఇంగ్లిష్‌లోకి మార్చేస్తుంది. ఒక బటన్ అంతే. ముందు వ్యాసాలే చదివేవాణ్ని. ఇప్పుడు కామెంట్లు కూడా చదువుతున్నాను. ఆసక్తికరంగా ఉన్నాయి."

అతను చేతిలోని కప్పు బల్ల మీద పెట్టాడు.

"ఒకరు ఒక పరీక్ష గురించి రాశారు. రెండుసార్లు ఫెయిలైన చిప్‌లని మూడోసారి పెట్టమంటున్నారని, మూడోసారి పాసైతే పాసే అంటున్నారని. కార్ల బ్రేకుల్లోకి వెళ్లే చిప్‌లట. చూశారా?"

చూడలేదన్నాను. అది నిజం.

"మా కంపెనీ టెస్ట్ ఫ్లోరేమో అనిపించింది. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు ఆరుగురున్నారు. అందరూ చక్కటి పిల్లలు. ఎవరికీ ఏ ఇబ్బందీ రాదు. ఆ మనిషి కంగారుపడుతున్నట్టుంది, సాయం చేద్దామని." నా భుజం మీద చెయ్యి వేసి తీశాడు. "మీ ఆయన ఉంటే బావుండేది." కాఫీ కప్పు తీసుకుని పక్కకి వెళ్లాడు.

నేను ఫోన్ తీసి ఆ కామెంట్ వెతికాను. మూడు వారాలుగా అక్కడే ఉంది. కిందికి జరిపితే రాసినవాళ్ల ఈమెయిల్ కనిపించింది. ఎవరిదో తెలుసు. చాండ్లర్‌లో మా బల్ల దగ్గర నా పక్కన కూర్చునే అమ్మాయి. వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ మాస్టర్స్ చేసింది. మా ఆయన పోయినప్పుడు పది రోజులు రోజూ పెరుగన్నం డబ్బాలో పెట్టి తెచ్చేది. పనిచేసేది ఈ డైరెక్టర్ కంపెనీలోనే, వీసా కూడా ఆ కంపెనీదే. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకొకటి వెతుక్కోవాలి, లేదంటే దేశం వదలాలి.

ఆ అమ్మాయి కాన్ఫరెన్స్‌కి వచ్చింది. హాలుకి అవతలి వైపు, పోస్టర్లు పెట్టినచోట, తన పనిని వివరించే పోస్టర్ పక్కన నిలబడి ఉంది. ఫోన్ చేతిలో పట్టుకునే, మనుషుల మధ్యలోంచి దారి చేసుకుంటూ నేరుగా తన దగ్గరికి నడిచాను. దగ్గరికి వెళ్లాక చూశాను, ఈసారి తన బ్యాడ్జి మీద ఆకుపచ్చ చుక్క లేదు.

"ఏంది ఆంటీ, గట్ల ఉన్నరు? కూసోండి."

"నువ్వు బ్లాగులో రాశావా? మూడోసారి టెస్ట్ గురించి?"

తన ముఖం మారింది. "పేరు పెట్టలే కదా ఆంటీ."

"మీ డైరెక్టర్ చదివాడు. ట్రాన్స్‌లేట్ చేసుకుని చదివాడట. ఇప్పుడే నాతో అన్నాడు."

"నేనని చెప్పిండా?"

"లేదు. ఎవరో తెలియదు అతనికి."

తను నా భుజం మీదుగా వెనక్కి చూసింది. నేనూ తిరిగాను. అతను కాఫీ బల్ల దగ్గరే ఉన్నాడు. కప్పు పట్టుకుని మా వైపు చూస్తున్నాడు. నేను చూడగానే చెయ్యి కొంచెం ఎత్తి పలకరించాడు.

నాకు అప్పుడు తెలిసింది, ఆ కబురు నాకు ఎందుకు చెప్పాడో. ఆ అమ్మాయికి తెలిసిందో లేదో తెలియదు. తను అతని వైపు నవ్వుతూ తలూపింది. ఇంకెవరో వచ్చి పోస్టర్ గురించి ఏదో అడిగారు. తను జవాబు చెప్పడం మొదలుపెట్టింది. చేతిలోని కర్రతో గ్రాఫ్ మీద ఒక్కో గీతా చూపిస్తోంది.

ఆ మధ్యాహ్నమే కామెంట్ తీసేశాను. అన్నీ చూశాకే బయటికి వెళ్లేలా సెట్టింగ్ మళ్లీ మార్చాను. చేయాల్సింది చేశాననుకున్నాను. వెనక్కి వెళ్లి పద్నాలుగు నెలల కామెంట్లు చదవాలన్న ఆలోచన వచ్చింది. ఇంటికి వెళ్లాక చదువుతాననుకున్నాను. ఇంటికి వెళ్లి చూస్తే, ఆయన కోసం ఆగిన ఆ ఇరవై రెండింటినీ దాటితేగానీ మిగతావి రావు. తెరిచి మూసేశాను.

రెండు వారాలు ఏమీ జరగలేదు. చాండ్లర్ సమావేశంలో కార్యదర్శి ఎప్పటిలాగే నా దగ్గరికి వచ్చి ఎలా ఉన్నారని అడిగాడు. మా బల్ల దగ్గర ఒక మనిషి తక్కువ. ఆ అమ్మాయి రాలేదు.

ఆ శుక్రవారం తను ఫోన్ చేసింది.

"ఆంటీ, సోమవారం పది గంటలకు క్యాలెండర్‌లో మీటింగ్ పెట్టిన్రు. సబ్జెక్ట్ లైన్ లేదు. హెచ్ఆర్ కూడా ఉన్నరు."

"నేను వస్తాను. బయట కారులో ఉంటాను."

"ఎందుకు ఆంటీ, మీకు ఆఫీస్ లేదా?"

"ఉంది. వస్తాను."

సోమవారం పొద్దున వాళ్ల పార్కింగ్ లాట్‌లో కారు ఆపుకుని కూర్చున్నాను. తను నా పక్కన కారు పెట్టి, అద్దంలో జుట్టు సర్దుకుని, లోపలికి వెళ్లింది. పది గంటలకు ఇంకా ఏడు నిమిషాలున్నాయి. పది ఇరవైకి బయటికి వచ్చింది. వెంట ఒక సెక్యూరిటీ మనిషి తలుపు దాకా వచ్చి ఆగాడు. తను వచ్చి నా కారు తలుపు తీసి, పక్క సీట్లో కూర్చుంది.

"రీస్ట్రక్చరింగ్ అన్నరు. గ్రూప్‌లో తీసేసింది నన్నొక్కదాన్నే ఆంటీ. ఒక్క మనిషితో రీస్ట్రక్చరింగ్ ఎట్లయితది?"

తను కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత నేను అప్పటిదాకా భయపడుతున్న ప్రశ్న అడిగింది.

"ఆరుగురం ఉన్నం. పేరు పెట్టలే. నేనే అని ఎట్ల తెలిసింది?"

ఐటీ వాళ్లు కనిపెట్టి ఉంటారని అనవచ్చు. తను నమ్మేది. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా.

"నా వల్ల తెలిసింది," అన్నాను. "అతను నాతో మాట్లాడగానే నేను నీ దగ్గరికి వచ్చాను. ఎవరి దగ్గరికి వెళతానా అని చూస్తూ నిలబడ్డాడు. ఇంకోటి. నీ కామెంట్ బయటికి వెళ్లేముందు నేను చదవలేదు. అంకుల్ పోయాక ఏదీ చదవలేదు. వచ్చినవి వచ్చినట్టు వెళ్లేలా పెట్టాను."

తను ఏడవలేదు. సీటు బెల్టు పట్టీని కిందికి లాగి వదిలింది, రెండు మూడుసార్లు.

"ఏదీ చదవలేదా?"

"లేదు."

"మరి మా గ్రూప్‌లో ఇంకో ఇద్దరు రాసిన్రు కదా ఆంటీ. నాకంటే ముందు. పాత పోస్ట్‌ల కింద. అవి చూసే నేను రాసిన. ఇంతమంది రాస్తున్నరు, అంకుల్ లెక్కనే మీరు చూస్కుంటరులే అనుకున్న."

ఏ పోస్ట్‌ల కిందో అడిగాను. చెప్పింది. చెప్పి, తలుపు తీసుకుని దిగింది. గట్టిగా వేయలేదు. తన కారులో కూర్చుని ఫోన్‌లో ఏదో చూసుకుంటోంది. నా వైపు తిరగలేదు. కొంతసేపటికి కారు వెనక్కి తీసి వెళ్లిపోయింది.

నేను ఫోన్‌లో బ్లాగు తెరిచాను. రెండూ ఉన్నాయి. ఒకరు షిఫ్టు చెప్పారు, ఏ గదిలో పనిచేస్తారో చెప్పారు. ఇంకొకరు పెళ్లికి ఇండియా వెళ్లొచ్చిన నెల చెప్పారు. మా ఆయన అయితే అరనిమిషంలో తీసేసేవారు. తేదీలు చూశాను. రెండూ కాన్ఫరెన్స్‌కి ముందువే. కామెంట్లు కూడా చదువుతున్నానని అతను ఆ రోజు నాతో అన్నప్పటికి అవి బయటే ఉన్నాయి. వీళ్లెవరో తెలుసుకోవడానికి అతనికి నా అవసరం ఉండదు.

రెండూ తీసేశాను. తీసేయడం వల్ల ఉపయోగం లేదని తెలిసీ తీసేశాను. వాళ్లకి ఫోన్ చేయాలి. నంబర్లు నా దగ్గరున్నాయి, ఇద్దరూ మా బల్ల దగ్గర కూర్చునేవాళ్లే. తల ఎత్తి చూస్తే సెక్యూరిటీ మనిషి ఇంకా తలుపు దగ్గరే ఉన్నాడు, నా కారు వైపు చూస్తూ. ఫోన్ పక్కన పెట్టి కారు స్టార్ట్ చేశాను. ఆ లాట్ దాటి, రెండు సిగ్నళ్లు దాటి, ఒక గ్రోసరీ స్టోర్ ముందు ఆపి అప్పుడు చేశాను.

మొదటి అబ్బాయి ఎత్తలేదు. రెండోసారి చేసినా ఎత్తలేదు.

రెండో అబ్బాయి ఎత్తాడు. గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు.

"ఆంటీ, ఒక మీటింగ్‌లోకి రమ్మన్నారు, వెళ్తున్నా. అయ్యాక కాల్ చేస్తా."