జవాబుకు జాగా

సెల్‌ఫోన్ వచ్చాకే దుబాయికి మాటలు పోవడం మొదలైందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. నా కొట్టు బోధన్ బస్టాండు దగ్గర. ఇప్పుడు అందులో రీచార్జి కార్డులు, ఫోన్ల కవర్లు అమ్ముతాను. కార్డు గీకి నంబరు కొట్టుకునేవాళ్లకు తెలియదు గానీ, చుట్టుపక్కల ఊళ్ల మాటలు సముద్రం దాటింది ఈ కొట్టు నుంచే. అదీ పల్లెలో ఒక్క ఫోను కూడా లేని ఎనభైల్లో. గొప్పలు చెప్పుకుంటున్నాననుకుంటే అనుకోండి, నాకేం సిగ్గు లేదు.

అప్పుడు మాది రికార్డింగ్ సెంటర్. జనం ఖాళీ క్యాసెట్లు తెచ్చి పాటలు నింపించుకునేవాళ్లు. చెరుకు ఊళ్ల నుంచి మగవాళ్లు గల్ఫ్ బాట పట్టాక పాటల కంటే మాటలకే గిరాకీ పెరిగింది. ఏ దేశం పోయినా మాకు అది దుబాయే. ఉత్తరం రాయించాలంటే ఇంకొకరిని బతిమాలుకోవాలి, కడుపులో మాట వాళ్ల ముందు విప్పుకోవాలి. క్యాసెట్‌కు చదువు అక్కర్లేదు. కొట్టు వెనక చిన్న గది కట్టించి, రోడ్డు మీద చెరుకు లారీల మోత లోపలికి రాకుండా గోడల నిండా గోనె సంచులు కొట్టించాను. చప్పుడని ఫ్యాను కూడా ఆపేసేవాణ్ని. మాట్లాడి బయటికి వచ్చేసరికి మనిషి చెమటతో తడిసి ముద్దయ్యేవాడు.

నింపిన క్యాసెట్‌ను అటు పోయేవాళ్ల సంచిలో పెట్టి పంపేవాళ్లు. జవాబు కూడా అలాగే, ఎవరో ఒకరు సెలవు మీద వస్తూ తెచ్చేవాళ్లు. ఇంట్లో టేపు లేనివాళ్లు ఆ జవాబును నా దగ్గరే వినేవాళ్లు. మిషను, స్పీకరు గదిలోనే ఉండేవి. గుమ్మానికి తెర, తెర ఇవతల ఒక బల్ల. వాళ్లు బల్ల మీద కూర్చునేవాళ్లు, గొంతు తెర వెనక నుంచి వచ్చేది. మొగుడూపెళ్లాల మాటలు మొదలయ్యాయంటే నేను చాయ్ తాగే వంకతో బయటికి నడిచేవాణ్ని.

చాలామంది దుబాయి దూరమని గొంతు చించుకుని అరిచేవాళ్లు. "మెల్లగ చెప్పవ్వా, మిషన్ నీ ముంగటనే ఉన్నది" అన్నాను ఒక ముసలామెతో.

"మిషన్ ఉన్నది గాని నా కొడుకు లేడు గద" అంది. ఇక ఆమెను అరవనిచ్చాను.

ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన ముగించుకుని, దగ్గర పల్లె నుంచి ఒకామె వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయేమో. చెరుకు కొట్టే కూలీ. చంకలో నెలల పిల్ల. భర్త మస్కట్ పోయేనాటికి ఆమెకు నాలుగో నెల, బిడ్డ ముఖం అతను ఇంకా చూడలేదు. ఆమె మైకు ముందు కూర్చుని, "మంచిగున్నవా?" అని ఆగిపోయింది. క్యాసెట్ తిరుగుతోంది. "కాలునొప్పి తక్కువైందా?" అంది. మళ్లీ ఆగింది.

"చెల్లె, క్యాసెట్ తిరుగుతున్నది, మాట్లాడు" అన్నాను.

"మాట్లాడుతనే ఉన్న గదన్నా. ఆయన చెప్పద్దా మరి?" అంది చిరాగ్గా.

నవ్వొచ్చింది. పాపం అమాయకురాలు అనుకుని ఆ క్యాసెట్ ఉన్నది ఉన్నట్టు ఇచ్చేశాను. రెండోసారి వచ్చేనాటికి నేను బొంబాయి నుంచి డబుల్ డెక్ తెప్పించాను. ఒక క్యాసెట్ నుంచి ఇంకో క్యాసెట్‌లోకి కావలసింది మాత్రమే ఎక్కించొచ్చు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, కూర్చుని ఆమె ఆగిన చోట్లన్నీ తీసిపారేశాను. అరగంట మాటలు పావుగంటకు దిగాయి. మిగిలిన జాగాలో నాలుగు ప్రార్థన పాటలు నింపాను, అదీ ఉచితంగా. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మూడు నెలల తర్వాత జవాబు వచ్చింది. నేను అలవాటుగా చాయ్‌కు లేవబోతే ఆమె ఆపింది. "కూసో అన్నా. నువ్వు గూడ ఇను."

తెర వెనక నుంచి అతని గొంతు. "గీ క్యాసెట్ నింపినాయన ఎవడోగని, నీ మాటలన్నీ చెడగొట్టిండు. మంచిగున్నవా అంటివి, నేను నోరు తెరిచేలోపట కాలునొప్పి అడుగుతివి. ముందటి క్యాసెట్‌ల అడిగి ఆగినవ్. రూముల ఎవ్వరు లేంది చూసి పెట్టుకొని, నువ్వు ఆగినకాడల్లా నీకు జవాబు చెప్పుకునేటోన్ని. నీతోని కూసొని మాట్లాడినట్టే ఉండె. గిప్పుడు నాకు జవాబు చెప్ప జాగా లేదు."

ముందు నాకు కోపమే వచ్చింది. ఊరికే పాటలు నింపి పెడితే తిట్లా అనిపించింది. తర్వాత ఆమె ముఖం చూశాను. అమాయకుడెవడో అప్పుడు అర్థమైంది.

"తప్పయింది చెల్లె" అన్నాను.

"తప్పు సరే. గిప్పుడు మల్ల నింపు. ఏం తియ్యకు."

ఆ రోజు నుంచి అదే నా పద్ధతి అయింది. మైకు ముందు ఎవరు కూర్చున్నా ముందు పాఠం చెప్పేవాణ్ని: ఒక మాట అడుగు, మనసులో పది లెక్కపెట్టు, తర్వాత రెండోది అడుగు. గల్ఫ్‌లో వినేవాళ్లకు ఈ సంగతి నోటినోటా పాకింది. నిజామాబాద్‌లో నా కంటే పెద్ద సెంటర్లు ఎన్నో ఉండేవి. అయినా మోర్తాడ్ వైపు నుంచి కూడా, నిజామాబాద్ దాటుకుని, బస్సు మారి నా గదికే వచ్చేవాళ్లు. ఆ తర్వాత ఎస్టీడీ బూత్‌లొచ్చాయి. మీటరు మీద డబ్బుల ఎర్ర అంకెలు పరిగెడుతుంటే జనం ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడేవాళ్లు. నేనూ ఒక బూత్ పెట్టాను. 'అడిగి ఆగండయ్యా' అంటే ఎవరూ వినలేదు. సెల్లులో ఇప్పుడు ఎంతసేపైనా మాట్లాడుకుంటున్నారు, మంచిదే, సంతోషమే. కానీ ఆగడం నేర్పింది నేను.

ఆమె కూతురు నా బల్ల మీదే పెరిగింది. తండ్రి ప్రతి క్యాసెట్ చివర బిడ్డ కోసం నాలుగు మాటలు, వాటి మధ్య జాగా వదిలేవాడు. మొదట్లో పిల్ల తెర వైపు గుడ్లప్పగించి చూసేది. రెండేళ్లు దాటాక జవాబు చెప్పడం మొదలుపెట్టింది.

"బిడ్డా, అన్నం తిన్నవా?"

"తిన్న బాపు."

"ఏం కూర?"

"పప్పు." ఏం తిన్నా పప్పే.

"అమ్మను సతాయిస్తలేవు గద?"

"లే."

"ఇగ ఉంట బిడ్డా" అని ఆ గొంతు ఆగగానే పిల్ల ఎప్పుడూ ఒకటే అడిగేది. "ఎప్పుడొస్తవ్ బాపు?" క్యాసెట్ అయిపోయేది. మరి అదే పిల్లను మైకు ముందు కూర్చోబెడితే నోరు విప్పేది కాదు. అడిగేవాళ్లు లేకుండా ఏం చెప్తుంది? కాబట్టి నాలుగేళ్లలో ఆ జవాబుల్లో ఒక్కటీ తండ్రి చెవిన పడలేదు.

నాలుగేళ్లకు అతను సెలవు మీద వచ్చాడు. వచ్చిన వారానికి ముగ్గురూ నా కొట్టుకు వచ్చారు. పిల్ల తల్లి కొంగు పట్టుకుని, అతనికి వీలైనంత దూరంగా నిలబడింది. అతని చేతిలో పెద్ద బొమ్మ, దాని కవరు కూడా విప్పలేదు.

"దగ్గరికి పోతలేదన్నా" అంది ఆమె. "గీయన మీ బాపు అంటే, కాదు, మా బాపు బోధన్ల ఉన్నడు అంటది. ఊరంత నవ్వుతుండ్రు."

బోధన్‌లో బాపంటే జనం నన్నే అనుకుంటారు, నా ఇజ్జత్ కూడా బజారున పడేలా ఉందని నాకు చిర్రెత్తింది. కానీ అతను గోడకు ఆనుకుని మెల్లగా అన్నాడు, "రెండు నెలలల్ల మల్ల పోవాలె. నా బిడ్డ నన్ను గుర్తువట్టకుంటే, గీ కష్టమంత ఎవరి కోసం చేసినట్టన్నా?"

"తమ్మీ, ఏమని పిలుస్తున్నవ్ దాన్ని?"

"దా, నేను మీ బాపును, దా అంటున్న."

"క్యాసెట్‌ల ఎన్నడన్న గట్లన్నవా?"

అతను బొమ్మను కౌంటరు మీద పెట్టి, వెనక తలుపు నుంచి గదిలోకి పోయాడు. నేను పిల్లను ఎత్తి బల్ల మీద దాని చోటులో కూర్చోబెట్టి, ఫ్యాను ఆపేశాను.

"బిడ్డా, అన్నం తిన్నవా?"

నేను మనసులో లెక్కపెడుతున్నాను. మూడు అనేసరికి పిల్ల గొంతు.

"తిన్న బాపు."

"ఏం కూర?"

"పప్పు."

"అమ్మను సతాయిస్తలేవు గద?"

"లే."

ఆ తర్వాత లోపలి నుంచి మాట రాలేదు. పది దాటింది. ఇరవై దాటింది. క్యాసెట్ అయిపోయిందనుకుని పిల్ల తెర వైపు చూస్తూ ఎప్పటి మాటే అడిగింది.

"ఎప్పుడొస్తవ్ బాపు?"

తెర కదిలింది. అతను మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. "వచ్చిన బిడ్డా" అన్నాడు.

పిల్ల అతని నోటి వైపే చూసింది. "ఇంకోపారి అను" అంది.

"వచ్చిన."

పిల్ల బల్ల దిగింది. నేను ఎప్పటిలాగే బయటికి నడిచాను. చాయ్ పోసే ఆయన నా కళ్లు చూసి, "ఏమైందన్నా?" అన్నాడు.

"ఏం లేదు" అన్నాను. "మా మిషన్ మంచిగ పనిచేస్తున్నది."