చిక్కుడుకాయల గంప

నాకు ఉట్నూర్ బడిలో పంతులమ్మ ఉద్యోగం వచ్చిన ఏడాది సంగతి. అక్కడి ఆఫీసు జీపు ఏదో పని మీద మెట్‌పల్లికి వస్తే, తిరుగు ప్రయాణంలో మాకు చోటు దొరికింది. నన్ను దిగబెట్టడానికి అవ్వ కూడా బయలుదేరింది. మా ఇళ్లలో అమ్మను అవ్వ అనే పిలుస్తాం. ఆమె ఒళ్లో ఒక మూట, మూటలో కొత్త చీర. ఎవరికని అడిగితే "నీకెందుకే" అంది. గోదావరి ఇంకా దాటకముందే డ్రైవర్‌ను బతిమాలడం మొదలుపెట్టింది.

"బిడ్డా, జర గా గడి కాడ ఆపుతవా? ఎక్కువ సేపు కాదు."

కోటలాంటి ఆ బంగళా, ఆ గడి, మేము ఇదివరకు ఉన్న ఊరి దొరది. నాకు ఊహ తెలిసేలోపే మేము ఆ ఊరు విడిచిపెట్టాం. పోలీసు చర్య తర్వాత దొర కుటుంబం హైదరాబాద్ వెళ్లిపోయింది. తాళాలగుత్తితో ఒక కావలి మనిషి మాత్రం మిగిలాడు.

దర్వాజా ముందు జీపు దిగగానే అవ్వ చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది. నాకు ఒళ్లు మండింది.

"ఇంక ఏ దొర ఉన్నడని విప్పినవే? తొడుక్కో."

"నేను విప్పలే బిడ్డా. కాళ్లే ఇడిసినయి," అంటూ సిగ్గుపడి మళ్లీ తొడుక్కుంది.

కావలి మనిషిని ఆమె అడిగిన మొదటి మాట ఒకటే. "వంటింట్ల ఒక అక్క ఉండేది. ఉన్నదా, పోయిందా?"

"ఉన్నది, ఎనుకకు ఉంటది. ఒక చెవి ఇనబడదు. ముందుగాల గివి సూడుండ్రి, అందరికి తెరువ నేను."

అవ్వ ప్రాణమంతా వెనక వాకిట్లోనే ఉంది. అతనేమో ఒక్కో గది తాళం తీస్తూ, ఒక్కో వస్తువు ముందు ఆగుతూ పోయాడు. చెక్కిన టేకు స్తంభాలు, ఇత్తడి గొలుసుల ఉయ్యాల, రంగుటద్దాల కిటికీలు, పూలు పరిచినట్టున్న నేల, బట్ట చుట్టి వేలాడదీసిన గాజు దీపాల గుత్తులు. నిజం ఒప్పుకుంటాను, నాకు కదలబుద్ధి కాలేదు. తల నుంచి పాదాల దాకా ఒక్కసారే కనిపించే అద్దంలో నన్ను నేను చూసుకోవడం అదే మొదలు. పంతులమ్మలాగే ఉన్నానని మురిసిపోయాను. అవ్వ నా కొంగు పట్టి లాగింది.

"మల్లొచ్చి సూస్కుందువు తియ్. ఆమెను సూడాలె."

వెనక వాకిట్లో వడ్లు దంచే కొట్టం ముందు మాత్రం ఆమే ఆగిపోయింది. గోడవార నేలను చూపించి, "గీడనే నీకు పాలిచ్చిన," అంది.

అవ్వ ఈ గడిలో వెట్టి చేసిందని నాకు తెలుసు. మిగతాది అప్పుడే చెప్పింది. పిల్లతల్లులను కూడా దంపుడుకు పిలిచేవాళ్లు, పిల్లలను మాత్రం లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. నేను దర్వాజా బయట నానమ్మ ఒళ్లో ఏడుస్తుంటే, లోపల పాలు కారి అవ్వ రవికె తడిసిపోయేది. వంటింటి అక్క అది చూసింది. కూరగాయలు తెచ్చే నెపంతో బయటికి పోయి, నన్ను గంపలో పడుకోబెట్టి, పైన గుడ్డ కప్పి, గుడ్డ మీద చిక్కుడుకాయలు పోసి, గుమాస్తా ముందు నుంచే లోపలికి తెచ్చింది. అట్లా నెలకు పైగా తెచ్చిందట. ఇందాక గొప్పగా తిరిగి చూసిన ఈ గడిలోకి నేను మొదట వచ్చింది ఆ గంపలో.

ముసలామె పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. అవ్వ ఆమె కాళ్లు పట్టుకుంది. నన్ను ముందుకు తోసి, "అక్కా, నీ గంపల పిల్ల. యాదికున్నదా?" అని గట్టిగా అడిగింది.

ముసలామె నన్ను తేరిపార చూసింది. "లేదు బిడ్డా. మస్తుమందిని తెచ్చిన. గీమె ఏడ్చిందా గంపల?"

"ఏడ్వలే."

"గందుకే యాదికి లేదు. ఏడ్చినోడు ఒక్కడే యాదికున్నడు. గుమాస్తా ఇన్నడు. గప్పుడు కొట్టిన దెబ్బకే గీ చెవి పోయింది."

అవ్వ ముఖం పాలిపోయింది. "గది నా పిల్లకు ముందా, ఎనుకనా?"

"మొట్టమొదలు తెచ్చింది వాన్నే."

అంటే చెవి పోయిన తర్వాత కూడా ఆమె నన్ను తెచ్చింది. నా తర్వాత ఇంకెందరినో తెచ్చింది. నేను ఎవరో ఆమెకు తెలియదు, నా ప్రాణం మాత్రం ఆమె పెట్టిన భిక్ష. నేను ఈ మాట పైకి అనేలోపే అవ్వ చీర తీసి ఆమె ఒళ్లో పెట్టింది.

"నాకెందుకు గిది?"

"నా పిల్ల బతికింది అక్కా. ఉట్నూర్ల బడి చెప్పబోతున్నది."

ముసలామె నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "పంతులమ్మవా? ఏడ్చే పిల్లల కొట్టకు బిడ్డా," అంది.

బయట జీపు హారన్ మోగింది. వంగి ఆమె పాదాలకు మొక్కి వచ్చేశాను. అద్దం సంగతి గుర్తే రాలేదు.

నాది పుట్టుకోపం. పంతులమ్మగా ఉన్నన్నాళ్లూ బెత్తం చాలాసార్లు చేతిలోకి తీసుకున్నాను. ఏడుపు వినబడగానే కింద పెట్టేశాను.